ఒకే రోజు – ఎన్నో రణరంగాలు

బెంగళూరులో జయచామరాజేంద్ర నగర్ ప్రాంతాన, మునిరెడ్డిపాళ్యం దగ్గర ఒక రాతి స్తంభం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన మైసూరు అశ్వికుల స్మారకం అది. ఆ దారిన పోయే వాహనాల రద్దీలో దానివంక చూసేవారు తక్కువ. ఆ అశ్వికులు ఈ ఊరి నుండి బయలుదేరి సముద్రాలు దాటి వెళ్లినవారు. వారు పాల్గొన్న యుద్ధాలలో బాగా పేరు పొందినది హైఫా యుద్ధం. అది 1918 సెప్టెంబరు 23న జరిగింది. ఆ ఒక్క రోజున ఏయే చోట్ల ఏమేమి జరిగిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

చరిత్ర పుస్తకాలలో యుద్ధాన్ని సంవత్సరాలతో చెబుతాం. మొదటి ప్రపంచ యుద్ధం 1914 నుండి 1918 వరకు జరిగిందని ఒక్క వాక్యంలో ముగించవచ్చు. ఆనాటి వార్తాపత్రికలు మాత్రం రోజుల లెక్కన చెప్పేవి. ఫ్రాన్సులో ఇలా జరిగింది, పాలస్తీనాలో ఇంతమంది పట్టుబడ్డారు, బాల్కన్ ప్రాంతంలో ఫలానా ఊరు చేజిక్కింది అంటూ సైన్యాధికారుల ప్రకటనలు ఒకదాని కింద ఒకటి అచ్చయ్యేవి. చదివేవారికి అవి వేటికవే వేరు వార్తలుగా తోచేవి. నిజానికి అవన్నీ ఒకే వలలోని ముడులు. ఒకచోట లాగితే మరొకచోట వల బిగుసుకొనేది, లేదా తెగేది.

ఆ యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్సు మొదలైన మిత్రరాజ్యాలు ఒక పక్షం. 1917 నుండి అమెరికా కూడా వారితో చేరింది. జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, బల్గేరియా, ఆటోమన్ తురుష్క సామ్రాజ్యం రెండవ పక్షం. మనదేశం అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉండేది. కనుక ఈ యుద్ధంలో చేరడం మీకు ఇష్టమేనా అని మనవారిని ఎవరూ అడగలేదు. సైనికులుగా, పనివారుగా పది లక్షలకు పైగా భారతీయులు విదేశాలకు వెళ్లారు. వారిలో 70 వేల మందికి పైగా తిరిగి రాలేదు.

వారిలో బ్రిటిష్ ప్రభుత్వ సైన్యానికి చెందినవారు కొందరు, సంస్థానాల సైన్యాలకు చెందినవారు కొందరు. సామ్రాజ్యానికి అవసరమైనప్పుడు పంపడానికి సంస్థానాధీశులు తమ ఖర్చుతో కొన్ని దళాలను పోషించేవారు. మైసూరు సంస్థానం 1892లో అటువంటి ఒక అశ్వికదళాన్ని ఏర్పరచింది. అంతకుముందే మైసూరులో సిల్లేదారు రౌతులు ఉండేవారు. తన గుర్రాన్ని తానే తెచ్చుకొని కొలువు చేసే రౌతును సిల్లేదారు అంటారు. ఆ సంప్రదాయం నుండి వచ్చిన కొత్త పటాలానికి మైసూరు లాన్సర్లు అని పేరు వచ్చింది. లాన్సు అంటే బల్లెం. తుపాకి, కత్తితో పాటు పొడవాటి వెదురు బల్లెం వారి ఆయుధం.

1914లో యుద్ధం మొదలుకాగానే మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడెయరు యుద్ధనిధికి 50 లక్షల రూపాయలు ఇచ్చారు. తమ లాన్సర్లను కూడా పంపారు. వారు ఈజిప్టు చేరి జోధ్‌పూర్, హైదరాబాదు సంస్థానాల లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడుగా పనిచేశారు. మొదటి ఏళ్లలో వారి పని సూయజ్ కాలువకు కాపలా కాయడం, ఎడారిలో గస్తీ తిరగడం. ఈ పనికి కథల్లో చోటు దొరకదు. కాని అశ్వికుడి జీవితంలో ఎక్కువ భాగం ఇదే. గుర్రానికి నీళ్లు పెట్టాలి, మేత వెయ్యాలి, మాలీసు చెయ్యాలి, నాడాలు చూసుకోవాలి. గుర్రం దాహంతో తూలితే దానిపై ఉన్న రౌతు ఎంత వీరుడైనా చేయగలిగింది ఏమీ లేదు.

1918 మార్చిలో ఫ్రాన్సులో జర్మనీ పెద్ద దాడి చేసింది. దానిని ఆపడానికి పాలస్తీనాలోని బ్రిటిష్ పటాలాలను ఎన్నింటినో ఫ్రాన్సుకు తరలించారు. వారి స్థానాలను చాలావరకు భారతీయ సైనికులతో నింపారు. అప్పటివరకు ఫ్రాన్సులో ఉన్న భారతీయ అశ్వికదళాలను కూడా పాలస్తీనాకు తెచ్చారు. ఫ్రాన్సులో ముళ్లకంచెలు, కందకాలు దాటలేక గుర్రాలు చాలాకాలం పనిలేకుండా ఉన్నాయి. పాలస్తీనాలో మైదానాలు ఉన్నాయి. ఒక రణరంగంలో పనికిరాని బలం మరొక రణరంగంలో అవసరమైంది.

సెప్టెంబరు 19న జనరల్ అలెన్‌బీ నాయకత్వంలో పెద్ద దాడి ప్రారంభమయింది. దీనినే మెగిడ్డో యుద్ధం అంటారు. సముద్రతీరం దగ్గర పదాతిదళం తురుష్కుల వరుసను ఛేదించింది. ఆ సందు గుండా అశ్వికదళాలు దూసుకుపోయి, శత్రువు వెనుకభాగాన ఉన్న అఫూలా, నజరెత్ పట్టణాలను 20వ తేదీన చేరాయి. ఇక వేల మంది సైనికులకు, గుర్రాలకు ఆహారం అందాలంటే ఒక రేవు కావాలి. దగ్గరలో ఉన్న రేవు హైఫా. తురుష్కులు దానిని వదిలి వెళ్లిపోయారన్న నమ్మకంతో 22న సాయుధ మోటారు బండ్లను పంపారు. వాటిపై ఫిరంగి గుండ్లు కురిశాయి. బండ్లు వెనుదిరిగాయి. మరునాడు ఆ పని అశ్వికుల మీద పడింది.

23వ తేదీ తెల్లవారుజామున 5 గంటలకు వారు బయలుదేరారు. హైఫా సుమారు 40 కిలోమీటర్ల దూరం. ఉదయం 10 గంటలకు బలద్ అల్ షేక్ అనే గ్రామం దగ్గరకు చేరేసరికి ఎదుటి నుండి కాల్పులు మొదలయ్యాయి. ఆ చోటు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎడమచేతివైపు కార్మెల్ పర్వతం. కుడిచేతివైపు కిషోన్ నది, దాని గట్ల వెంబడి ఊబి. ఆ రెంటి నడుమ ఇరుకైన దారి. ఆ దారి చివర పట్టణం. కొండ మీద ఫిరంగులు, కొండవాలులో మరతుపాకులు. మరతుపాకి నిమిషానికి వందల గుళ్లు కాల్చగలదు. అటువంటి చోట బల్లెం పట్టుకొని గుర్రం మీద వెళ్లడమంటే మృత్యువుకు ఎదురేగడమే.

ఆ బ్రిగేడుకు సేనాని హార్బర్డు. నేరుగా దూకితే తన దళం నాశనమవుతుందని ఆయనకు తెలుసు. అందుచేత ముందుగా కొండమీది ఫిరంగుల సంగతి చూడదలచారు. ఆ పనికి మైసూరు లాన్సర్లలో ఒక భాగాన్ని పంపారు. మైసూరు పటాలానికి కమాండెంటు చామరాజ అరసు. మిగిలిన మైసూరు రౌతులు కింద నిలిచి, కాల్పులతో శత్రువును కదలనివ్వకుండా ఉంచాలి. జోధ్‌పూర్ లాన్సర్లు ఇరుకుదారిలో దాడి చేయాలి. దాడికి ముహూర్తం మధ్యాహ్నం 2 గంటలు.

కొండ ఎక్కినవారి కష్టం తక్కువది కాదు. ఏటవాలు బాట, సెప్టెంబరు ఎండ, కాళ్ల కింద జారే రాళ్లు. కొన్ని గుర్రాలు కుంటుపడ్డాయి. దారిలో అక్కడక్కడ కొందరిని కాపలాకు నిలపవలసి వచ్చింది. పైకి వెళ్లేకొద్దీ దళం పలచబడింది. వారికి తోడుగా షేర్‌వుడ్ రేంజర్స్ అనే బ్రిటిష్ పటాలం నుండి ఒక దళం తరువాత వచ్చి చేరింది. చివరకు మిగిలిన కొద్దిమంది రౌతులు పైనున్న ఫిరంగుల మీదికి గుర్రాలను ఉరికించారు. ఒక పెద్ద నౌకా ఫిరంగి, రెండు కొండ ఫిరంగులు, 78 మంది ఖైదీలు వారికి చిక్కారు.

కింద సరిగ్గా 2 గంటలకు జోధ్‌పూర్ లాన్సర్లు కదిలారు. ముందు నదివైపు వెళ్లారు. ముందు నడిచిన గుర్రాలు ఊబిలో దిగబడిపోయాయి. ఆగి ఆలోచించే వ్యవధి లేదు. ఆగితే మరతుపాకులకు గురి అవుతారు. వెంటనే ఎడమకు తిరిగి కొండవాలులోని మరతుపాకుల మీదికే దౌడు తీశారు. వారి నాయకుడు మేజర్ దల్‌పత్ సింగ్ తూటా తగిలి నేలకొరిగారు. దళం ఆగలేదు. మరతుపాకుల వారిని బల్లెంతో పొడిచి, దారి తెరచి పట్టణంలోకి ప్రవేశించింది. మైసూరు రౌతులు వెన్నంటి వచ్చారు. 3 గంటలకల్లా హైఫా వారి వశమయింది.

1350 మంది తురుష్క, జర్మన్ సైనికులు పట్టుబడ్డారు. 17 ఫిరంగులు, 11 మరతుపాకులు దొరికాయి. బ్రిగేడులో 8 మంది చనిపోయారు, 34 మంది గాయపడ్డారు. 60 గుర్రాలు చచ్చాయి, 83 గుర్రాలకు దెబ్బలు తగిలాయి. ఈ లెక్కలో ఒక విషయం గమనించండి. మనుషుల కంటే గుర్రాలే ఎక్కువగా కూలాయి. తన కింద గుర్రం కూలినా రౌతు ప్రాణాలతో బయటపడిన సందర్భాలు ఆ రోజు చాలా ఉండి ఉండాలి.

హైఫాను తలచుకొనేటప్పుడు అందరికీ గుర్తుకు వచ్చేది జోధ్‌పూర్ వారి దౌడు. అది న్యాయమే. అయితే కొండమీది ఫిరంగులను పట్టే పని సాగకుండా ఉంటే ఆ దౌడు అంత దూరం సాగేదా అన్నది కూడా ఆలోచించవలసిన ప్రశ్న.

ఇక మూడవ పటాలమైన హైదరాబాదు లాన్సర్ల సంగతి. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో మూడు కంచు విగ్రహాలు ఉన్నాయి. అవి హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు అశ్వికులకు గుర్తులు. అందుచేత మూడు దళాలూ హైఫా మీద దూకాయని చాలామంది అనుకుంటారు. ఆ రోజు హైదరాబాదు వారు ఆ దాడిలో లేరు. అప్పటికి పట్టుబడిన వేలాది ఖైదీలను వెనుకకు చేర్చే బాధ్యత వారికి అప్పగించారు. ఆకలితో, దాహంతో ఉన్న అంతమందిని కొద్దిమంది రౌతులు కాపాడుతూ నడిపించడం సులభమైన పని కాదు. అది జరగకపోతే దాడి చేసే దళానికి వెనుకనుండే ప్రమాదం.

అదే రోజు ఉత్తరాన మరొక బ్రిగేడు ఏకర్ రేవును పెద్దగా పోరు లేకుండానే పట్టుకొంది. తూర్పున జోర్డాన్ నది రేవుల దగ్గర మాత్రం గట్టి యుద్ధం జరిగింది. నది దాటి పారిపోవాలని చూస్తున్న తురుష్క సైన్యాన్ని అడ్డగించిన దళాలలో 29వ లాన్సర్లు ఉన్నారు. ఈ పటాలానికి దక్కన్ హార్స్ అనే పేరు కూడా ఉంది. పూర్వం హైదరాబాదు కంటింజెంటు అని పిలిచే సైన్యం నుండి పుట్టిన పటాలం ఇది. పేరు దక్కనుది అయినంతమాత్రాన రౌతులందరూ దక్కనువారే కారు. బ్రిటిష్ వారు ఉత్తరాది నుండి కూడా వారిని చేర్చుకొనేవారు.

నదికి ఆవల న్యూజిలాండు అశ్వికులు సాయంత్రానికి సాల్ట్ పట్టణాన్ని చేరారు. ఇంకా దక్షిణాన మఆన్‌లోని తురుష్క సైన్యం ఆ రోజే ఊరు విడిచి వెనుకకు కదిలింది. పటం తెరచి ఈ ఊళ్లను వెదకండి. మధ్యధరా తీరం నుండి ఎడారి అంచు దాకా ఒకే రోజున ఒకే సైన్యం కూలుతున్నట్లు కనిపిస్తుంది.

పాలస్తీనాకు చాలా దూరంలో, బాల్కన్ ప్రాంతంలో, బల్గేరియా సైన్యం అంతకు వారం ముందే ఓడి పర్వతాల మీదుగా వెనుకంజ వేస్తోంది. 23వ తేదీన ఫ్రెంచి అశ్వికులు ప్రిలెప్ పట్టణంలో ప్రవేశించారు. ఉత్తర ఆఫ్రికా నుండి వచ్చిన రౌతులు కూడా వారిలో ఉన్నారు. ఆరు రోజులకు, అంటే 29న, బల్గేరియా యుద్ధవిరమణకు సంతకం చేసింది. జర్మనీ దానిని ఆదుకోలేకపోయింది. ఎందుకంటే ఫ్రాన్సులో దానికి ఊపిరి ఆడడం లేదు. 23న అక్కడ పెద్ద పోరాట వార్త ఏమీ లేదు. కాని ఆ రోజుల్లో రాత్రివేళ దీపాలు లేకుండా అమెరికా సైనికులు లక్షల సంఖ్యలో మ్యూజ్, ఆర్గాన్ ప్రాంతానికి తరలిపోతున్నారు. 26న అక్కడ మహాదాడి మొదలయింది. ప్రకటనల్లో ఖాళీగా కనిపించే రోజుకు కూడా ఇంత పని ఉంటుంది.

ఇదే సమయంలో బెంగళూరులో ఏమి జరుగుతోంది? 1918 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఈ నగరాన్ని పట్టి పీడించింది. రణరంగంలో ఉన్న కొడుకు క్షేమం కోసం ఇంట్లో తల్లి మొక్కుకొనేది. ఇంట్లో తల్లి ఎలా ఉందోనని అక్కడ కొడుకు దిగులుపడవలసిన కాలం వచ్చింది. ఉత్తరం చేరడానికి మాత్రం వారాలు పట్టేది.

హైఫా రేవు చేజిక్కిన తరువాత అలెన్‌బీ సైన్యానికి ఓడల మీద సామగ్రి అందసాగింది. అక్టోబరు 1న డమాస్కసు పడిపోయింది. మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లు ఇంకా ఉత్తరానికి సాగి, అక్టోబరు 26న అలెప్పో నగరం దాటి హరితాన్ అనే గ్రామం దగ్గర తమకంటే పెద్దదైన తురుష్క దళాన్ని ఢీకొన్నారు. ఈసారి కొండ ఎక్కి ఫిరంగులను పట్టేందుకు వీలు లేదు. హైఫాలో కంటే ఎక్కువమంది అక్కడ చనిపోయారు. తురుష్కులతో యుద్ధవిరమణ అమలులోకి వచ్చింది అక్టోబరు 31న, ఐదు రోజుల తరువాత.