టాపెట్ సందుకు తగిన పనిముట్లు

చోడవరం నుండి నర్సీపట్నం పోవు దారిలో రావికమతం ఉన్నది. అక్కడ ఒక ఇంటి చావడిలో పాత అంబాసిడర్ కారు ఒకటి ఉన్నదనుకొందము. ఉత్తరపారా కర్మాగారంలో ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయినది గనుక, ఉన్నదానిని కాపాడుకొనుట తప్ప యజమానికి వేరు దారి లేదు. ఒకనాడు ఇంజను టకటకమనుట మొదలుపెట్టును. మూత విప్పి మరలు బిగించినచో శబ్దము పోవును. శబ్దముతోపాటు వాల్వు కూడ పోవచ్చును.

కామ్ షాఫ్టు మీది ఉబ్బు పుష్ రాడ్డును పైకి నెట్టగా, రాకరు అను చిన్న త్రాసుకాడ వంగి వాల్వును తెరచును. రాకరు కొసకును వాల్వు తలకును నడుమ కొంచెము సందు విడువవలెను. వేడికి లోహము సాగును. సందు లేనిచో వాల్వు తన పీటపై పూర్తిగా ఆనదు. పొగ వెడలు వాల్వుకు సోకిన వేడిలో అధికభాగము దిగిపోవునది ఆ పీట ద్వారానే. ఆననిచో వేడి దిగదు. మండు వాయువు అంచును కొరికివేయును. ఆ సందు ఎక్కువైనచో శబ్దము, శక్తినష్టము, అరుగుదల. కొంచెము చప్పుడు చేయు ఇంజనే బిగుసుకొన్న ఇంజను కన్న మేలు.

ముందుగా ఇంజను ఏదో తెలిసికొనవలెను. 1990 దశకములో వచ్చిన ఇసుజు ఇంజను లెక్క వేరు. చిరకాలము నడచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనుకు సాధారణముగా చెప్పు కొలత అంగుళములో వెయ్యవవంతులు 15, అనగా సుమారు 0.38 మిల్లీమీటరు. చల్లగా ఉన్నపుడు చూడవలెనో, వేడిగా ఉన్నపుడు చూడవలెనో ఆ కారు పుస్తకమునే అడుగవలెను.

ఇక పనిముట్లు. షెడ్డులలో ఫిల్లర్ గేజి అందురు. పలుచని ఉక్కురేకుల కట్ట అది. మిల్లీమీటరు కట్టలు కొన్నింటిలో 0.35 తరువాత 0.40 మాత్రమే ఉండును. కావలసినది ఆ రెంటి నడుమ! కనుక అంగుళపు కొలతల కట్టయే కొనదగినది. 14 రేకు సులువుగా దూరి, 16 రేకు దూరకున్నచో సందు సరిపోయినట్లే. 15 రేకు దూర్చి లాగినపుడు మాత్రము స్వల్పముగా పట్టవలెను. అనకాపల్లి ప్రాంతమున బెల్లము వండువాడు పాకమును నీటిలో వేసి వ్రేళ్ళతో నలిపి తెలిసికొనునట్లు, ఈ పట్టు కూడ వ్రేళ్ళకే తెలియవలెను. రేకుపై అంకె నమ్మదగినదా యను సంశయము కలిగినచో కళాశాల ప్రయోగశాలలోని స్క్రూగేజితో కొలిచి చూడవచ్చును. విద్యార్థులకు అంతకంటె మంచి అభ్యాసము దొరకదు.

స్పానరు విషయమున పొరపాటు ఎక్కువ. లాకునట్టుకు అరంగుళము రింగు స్పానరు కావలెను. అరంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. చేతికందిన 13 నంబరు వేసినచో 0.3 వదులుండి, క్రమముగా నట్టు మూలలు గుండ్రమగును. స్క్రూడ్రైవరు మొన మరగాడిని నిండుగా పట్టవలెను. ఏలయన నట్టు బిగించునపుడు మర కదలకుండ దానితోనే పట్టి ఉంచవలెను. బిగించిన పిదప మరల కొలువనివాడు కొలువనట్లే లెక్క.

ఏ వాల్వు ఎప్పుడు చూడవలెనో తెలుపుటకు తొమ్మిది లెక్క ఒకటి ఉన్నది. ఎనిమిది వాల్వులు వరుసగా ఉన్నవి. ఎనిమిదవది పూర్తిగా తెరచియున్నపుడు ఒకటవదానిని, ఏడవది తెరచియున్నపుడు రెండవదానిని చూడవలెను. ఎప్పుడును మొత్తము తొమ్మిదియే. ప్లగ్గులు విప్పినచో ఇంజను సులువుగా తిరుగును.

మోసమంతయు రాకరు కొసలో ఉన్నది. ఏండ్ల తరబడి కొట్టుకొని అక్కడ వాల్వు తలంత గుంట పడును. చదునైన రేకు ఆ గుంటపై వంతెనవలె నిలుచును. గుంట లోతు వెయ్యవవంతులు 5 ఉన్నదనుకొనుడు. రేకు 15 చూపినను నిజమైన సందు 20. శబ్దము పోలేదని మరింత బిగించుచు పోవుటకన్న, రాకరు కదలికనే కొలుచు డయలు గేజిని ఉపయోగించుట మేలు. దానికి ధర ఎక్కువ. ఒక్క కారుకొరకు కొనుట కంటె, ఎరువు తెచ్చుకొనుటయో, గుంటపడిన రాకరును లేతు షాపునకు పంపి కొస చదును చేయించుటయో తెలివి.

పని ముగిసిన పిదప మూత క్రింది కార్కు వాషరును చూడవలెను. అది గట్టిపడినచో క్రొత్తది వేయవలెను. మూత నట్లను బలముకొలది బిగించినచో కార్కు నలిగి, టకటక పోయిన ఇంజనుపై నూనె కారుట మొదలగును.