మేధోవైకల్యముగల విద్యార్థులు – కళాశాలా ప్రవేశము

హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము మొదలగు పట్టణములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములయందు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కళాశాలకు పోవుచుండగా, మేధోవైకల్యముగల బిడ్డ మాత్రము బడి ముగిసిన పిదప ఇంటిపట్టుననే యుండిపోవుట కానవచ్చుచున్నది. వైకల్యముగల బాలబాలికలకు చట్టము ఒసగిన ఉచితవిద్యాహక్కు 6 మొదలు 18 ఏండ్ల వయస్సువరకే. ఆ వయస్సు దాటినవారికి కళాశాలలో చోటు కలదా, కలదేని అది ఎట్టిది, అందు తెలుగు సమాజములు చేయదగిన దేమి యను విషయములు ఇందు విచారింపబడుచున్నవి.

మేధోవైకల్యము వ్యాధి కాదు. తర్కించుట, నేర్చుట, చిక్కులను విడదీసికొనుట యందును, దైనందిన వ్యవహారమునందును గణనీయమైన పరిమితి యుండుటయే దాని లక్షణము. దీనిని పూర్వము బుద్ధిమాంద్యమని వ్యవహరించెడివారు. ఈ విషయమున శిక్షణ, పరిశోధనలకై 1984లో సికింద్రాబాదున ఒక జాతీయసంస్థ నెలకొల్పబడినది. ఇట్టివారు నెమ్మదిగా నేర్తురు. చిన్న చిన్న మెట్లుగా విభజించి, మరల మరల చెప్పినచో నేర్తురు.

1995 నాటి చట్టము విద్యాసంస్థలలో వికలాంగులకు 3 శాతము స్థానములు కేటాయించెను. 2016లో వెలువడి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము, తన 32వ సెక్షనులో, ప్రభుత్వ కళాశాలలయందును, ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలయందును దానిని 5 శాతమునకు పెంచి, వయఃపరిమితిలో 5 ఏండ్ల సడలింపు నొసగెను. వైకల్యము 40 శాతమునకు తక్కువ కాదని ధ్రువపత్రము గలవారు ఇందు కర్హులు. కాని యీ స్థానములు సకలవిధ వైకల్యములకును ఉమ్మడి. దృష్టిలోపముగల విద్యార్థి పండ్రెండవ తరగతి నెగ్గి వచ్చి ఆ స్థానమున కూర్చుండగలడు. మేధోవైకల్యముగలవారిలో పెక్కురు ఆ పరీక్షయొద్దనే ఆగిపోవుదురు. సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఒక్కొక్క విషయమును వేరువేరుగా వ్రాసి, ఐదేండ్లలో పరీక్ష ముగించుకొను వీలు కలదు. దానివలన కొందఱు పైకి రాగలరు. తక్కినవారికి వేఱొక మార్గము కావలెను.

అట్టి మార్గమును కొన్ని దేశములు కనుగొన్నవి. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయమున 1987లోనే ఈ ప్రయత్న మారంభమైనది. డబ్లిన్ నగరమున ట్రినిటీ కళాశాల వీరికై రెండేండ్ల సర్టిఫికెట్ పాఠ్యక్రమము నేర్పరచినది. అమెరికాలో 2008 నాటి ఉన్నత విద్యావకాశ చట్టము, ఆమోదింపబడిన పాఠ్యక్రమములలో చేరిన యిట్టి విద్యార్థులకు ప్రభుత్వ ధనసహాయము లభించుటకు వీలు కల్పించెను. కార్యక్రమములో సగమునకు తక్కువ గాకుండ తక్కిన విద్యార్థులతో కలిసియే సాగవలెనని నియమించెను. విద్యార్థి డిగ్రీకై పోటీపడడు. అందఱితోపాటు తరగతిలో కూర్చుండును. అధ్యాపకుడు అతడు నేర్వదగిన భాగమును ముందుగా నిర్ణయించును. గ్రంథాలయమునకు, భోజనశాలకు పోవునపుడు ఒక సహాధ్యాయి తోడుగా నుండును. కొంతకాలము గ్రంథాలయములోనో, కార్యాలయములోనో పని నేర్చును.

తెలుగునాటికి వెలుపల నివసించు తెలుగువారికి ఇందు మఱియొక చిక్కు కలదు. పై చట్టములోని 17వ సెక్షను వైకల్యముగల విద్యార్థులకు పరీక్షలో అదనపు సమయము, వ్రాయసకాని సహాయము, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి వెసులుబాట్లను పేర్కొన్నది. ఇంగ్లీషో, రాష్ట్రభాషయో బోధనాభాషగా నున్నచోట ఆ రెండవ మూడవ భాష తెలుగే కావచ్చును. పరీక్షాభారము తగ్గుట మంచిదే. కాని దానితో తెలుగు తరగతియు తప్పిపోయినచో, ఆ విద్యార్థి అవ్వతో, అమ్మతో మాటలాడు భాషకు చదువులో చోటుండదు. రెండు భాషలు ఇట్టి బిడ్డలకు బరువని పలువురు భావింతురు. డౌన్ సిండ్రోము గల పిల్లలపై కెనడాలో జరిగి 2005లో ప్రకటింపబడిన పరిశోధనలో, రెండు భాషలతో పెరిగినవారు ఒకే భాషతో పెరిగినవారికంటె వెనుకబడలేదని తేలినది. కావున పరీక్షనుండి మినహాయింపు పొందియు తెలుగు తరగతిలో కూర్చుండుటయే మేలు.

వీరి ప్రవేశమునకు తెలుగు తరగతియే అనువైన ద్వారము. తమిళనాట పలు డిగ్రీ కళాశాలలలో మొదటి భాగము క్రింద తెలుగు తీసికొను వీలు కలదు. ఇంట వినిన భాషయే అచ్చట వినబడును. వేమన పద్యము వల్లించుట, పొడుపుకథ విప్పుట, నాటకమున చిన్న వేషము వేయుట, ఉగాదినాడు అతిథులకు ఆసనములు చూపుట, ఇవియన్నియు అతడు పదుగురితో కలిసి చేయగల పనులు.

తెలుగు సంఘములు తమ పట్టణమున ఇట్టి యువతీయువకు లెందఱుందురో మొదట తెలిసికొనవలెను. పిమ్మట ప్రిన్సిపాలుతో మాటలాడి, వారానికి రెండు మూడు తరగతులలో వినికిడి విద్యార్థిగా కూర్చుండుటకు అనుమతి కోరవలెను. రాకపోకలకు వాహనమును, తోడుండుటకు ఇద్దఱు సహాధ్యాయులను సమకూర్పవలెను.

తమ తరువాత ఈ బిడ్డ నెవ్వరు చూతురను చింత ప్రతి తల్లిదండ్రులకును కలదు. నేడు అతని ప్రక్కన కూర్చుండి చదివినవారే రేపు ఆ పట్టణమున బ్యాంకు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వైద్యులు, వర్తకులు అగుదురు. వారికి అతడు పేరుపెట్టి పిలువదగిన పరిచితుడై యుండును.