చిన్న ప్రభుత్వ పాఠశాల: ఫలితాల శాతం, విద్యార్థుల నేపథ్యం

ఉపోద్ఘాతం

పాఠశాల ప్రగతిని అంచనా వేసేటప్పుడు సాధారణంగా శాతాన్నే ఆధారంగా తీసుకుంటారు. ఐదో తరగతిలో నూటికి ఎంతమంది పాఠం చదవగలిగారు, కిందటి ఏడాది కంటే పెరిగారా, తగ్గారా అన్న ప్రశ్నలతోనే చర్చ ముగిసిపోతుంది. మూడు నాలుగు వందల మంది చదివే ఉన్నత పాఠశాలకు ఈ పద్ధతి కొంతవరకు సరిపోతుంది. ఐదు తరగతులకూ కలిపి పాతిక మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండే గ్రామ ప్రాథమిక పాఠశాల విషయంలో మాత్రం అదే పద్ధతి తప్పు నిర్ధారణలకు దారితీస్తుంది. అటువంటి బడిని కొనసాగించాలా, పక్క ఊరి బడిలో కలపాలా అన్న నిర్ణయం నమోదు సంఖ్య మీదా, బడి గురించి ఊరిలో ఏర్పడిన అభిప్రాయం మీదా ఆధారపడుతున్నందున ఆ అంకెలను చదివే తీరును పరిశీలించవలసి ఉంది.

సంఖ్య చిన్నదైనప్పుడు

విద్యాహక్కు చట్టం (2009) అనుబంధం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. 25 మంది ఉన్న బడిలో ఒక్కో తరగతికి సగటున వచ్చేది ఐదుగురే. వారిలో ఒక్కరు పరీక్ష రోజున జ్వరంతో రాకపోతే ఫలితం 20 శాతం మారుతుంది.

దీనిని గణాంకశాస్త్రం మరింత స్పష్టంగా చెబుతుంది. ప్రతి విద్యార్థికీ ఉత్తీర్ణతా సంభావ్యత 60 శాతం అనుకుంటే, వందమంది ఉన్న తరగతి ఫలితంలో ప్రామాణిక దోషం సుమారు 5 శాతాంశాలు. పదిమంది ఉన్న తరగతిలో అది 15 దాటుతుంది. అంటే ఉపాధ్యాయుడు మారకుండా, బోధన మారకుండా చిన్న తరగతి ఫలితం ఒక ఏడాది 50, మరుసటి ఏడాది 80 కావచ్చు. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ 2002లో ప్రచురించిన వ్యాసంలో అమెరికాలోని నార్త్ కరొలినా పాఠశాలల ఫలితాలను విశ్లేషించి ఈ విషయాన్నే చూపారు. అగ్రస్థానాల్లోనూ, అట్టడుగు స్థానాల్లోనూ చిన్న పాఠశాలలే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక ఏడాది సన్మానమూ, మరో ఏడాది సంజాయిషీ నోటీసూ ఒకే బడికి అందడానికి ఇంతకుమించిన కారణం అవసరం లేదు.

ఎవరు వెళ్ళారు, ఎవరు మిగిలారు

సంఖ్య వల్ల కలిగే ఒడుదొడుకులు కొన్నేళ్ల సగటుతో సర్దుకుంటాయి. విద్యార్థుల కూర్పు మారడం వల్ల వచ్చే తేడా అలా సర్దుకోదు. ఒక తరగతిలో పదిమందిలో ఆరుగురు ధారాళంగా చదవగలరనుకుంటే ఫలితం 60 శాతం. ఆ ఆరుగురిలో ముగ్గురిని తల్లిదండ్రులు ప్రైవేటు పాఠశాలకు మార్చితే మిగిలిన ఏడుగురిలో చదవగలిగేవారు ముగ్గురే. ఫలితం 43 శాతానికి దిగుతుంది. ఏ ఒక్క పిల్లవాడి చదువూ వెనుకబడలేదు, బడి మాత్రం వెనుకబడినట్టు నమోదవుతుంది.

ఫీజు కట్టగల కుటుంబాలు, ఇంట్లో చదువు చెప్పగల కుటుంబాలు ముందుగా బడి మారుస్తాయి. అందువల్ల ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలల ఫలితాలను నేరుగా పోల్చితే అందులో కొంత బడి ప్రభావం, కొంత ఇంటి ప్రభావం కలిసిపోతాయి. ఈ రెంటినీ విడదీసిన ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 180 గ్రామాల్లో చేసిన అధ్యయనంలో ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ ద్వారా ప్రైవేటు పాఠశాలలో చదివే అవకాశం కల్పించారు. నాలుగేళ్ల తరువాత లాటరీలో గెలిచినవారికీ, గెలవనివారికీ మధ్య తెలుగులోనూ గణితంలోనూ తేడా కనిపించలేదు. హిందీలో గెలిచినవారు ముందున్నారు. ముడి పోలికలో కనిపించే ప్రైవేటు ఆధిక్యంలో అధిక భాగం పిల్లల నేపథ్యానిదే అన్నమాట. ప్రైవేటు పాఠశాలలు ఒక్కో విద్యార్థిపై పెట్టిన ఖర్చు ప్రభుత్వ పాఠశాలల ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువని కూడా అదే అధ్యయనం తేల్చింది. వాదానికి అనుకూలమైన సగాన్నే ఉదాహరించే అలవాటు ఇరుపక్షాలకూ ఉంది.

కూర్పు రెండు దిశల్లోనూ మారుతుంది. అసర్ నివేదికల ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 6–14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవారు 2018లో 65.6 శాతం, 2022 నాటికి 72.9కి పెరిగి, 2024లో తిరిగి 66.8కి తగ్గారు. 2018 నాటి బడినీ, 2022 నాటి బడినీ పోల్చడమంటే రెండు వేర్వేరు విద్యార్థి సమూహాలను పోల్చడమే. కరోనా కాలంలో బడులు మూతబడిన నష్టం దీనికి అదనం.

నమోదు పట్టికలో కనిపించనివి

యూడైస్ నమోదుకు ఏళ్ల తరబడి సెప్టెంబరు 30 ప్రామాణిక తేదీ. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు వలసవెళ్లే కుటుంబాలు ఆ తేదీ దాటాక ఊరు విడుస్తాయి. పట్టికలో పిల్లవాడు ఉంటాడు, తరగతి గదిలో ఉండడు. వేసవి ముందు తిరిగి వచ్చి పరీక్ష రాస్తే ఆ ఫలితం బడి ఖాతాలో చేరుతుంది. హాజరు దినాల సంఖ్యను పక్కన పెట్టకుండా ఆ మార్కులకు అర్థం చెప్పలేము.

సామాజిక వర్గం అనే గడి కూడా ఇలాంటిదే. ‘ఎస్టీ’ అన్న ఒకే శీర్షిక కింద ఇంట్లో సవర మాట్లాడే పిల్లవాడు, కోయ మాట్లాడే పిల్లవాడు, బంజారా భాష మాట్లాడే పిల్లవాడు, తెలుగే మాతృభాష అయిన పిల్లవాడు ఒక్కటైపోతారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యను ప్రారంభించింది ఈ తేడాను గుర్తించే. తెలుగు పఠన పరీక్షలో తడబడటం చదవలేకపోవడమా, భాష తెలియకపోవడమా అన్నది శాతం చెప్పదు.

విలీనం, కొలత

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 117 ద్వారా 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించే విధానం చేపట్టింది. సబ్జెక్టుకో ఉపాధ్యాయుడు దొరకడం దాని ఉద్దేశం. ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు తరగతులను నడిపే బడిలో ఆ ఇబ్బంది నిజమైనదే. అయితే పై తరగతులు వెళ్లిపోయిన బడిలో మిగిలేది ఒకటి, రెండు తరగతుల పిల్లలే. తరువాతి లెక్కలో అది తక్కువ నమోదు గల పాఠశాలగా కనిపిస్తుంది. ఆ అంకెను చూసి మరికొందరు తల్లిదండ్రులు పిల్లలను మార్చుకుంటారు. ఆ ఉత్తర్వు 2025లో ఉపసంహరణకు గురైంది.

2022–23 నుంచి యూడైస్ ప్లస్ విద్యార్థివారీగా వివరాలు సేకరిస్తున్నందున ఒకే విద్యార్థిని ఏడాది తరువాత ఏడాది అనుసరించడం, బడి మారినవారిని విడిగా లెక్కించడం ఇప్పుడు సాధ్యమే. చిన్న పాఠశాల నివేదికలో శాతం పక్కన పిల్లల సంఖ్య, మూడేళ్ల ఉమ్మడి ఫలితం, హాజరు దినాలు, ఇంటి భాష చేరితే చాలు. అందుకు కొత్త పరీక్షలేవీ అక్కర్లేదు. జీవో 117 కింద వెళ్లి తిరిగి వచ్చిన పిల్లల విషయంలో మాత్రం ఏ ఏడాది మార్కులు ఏ బడికి చెందుతాయో ముందుగా నిర్ణయించుకోవలసి ఉంటుంది.