గాలి సుడుల చిట్టా

వరి పొట్టకొచ్చిన రోజుల్లో మధ్యాహ్నం పూట గట్టు మీద నిలబడితే, చేను మీదుగా ఒక అల పరుగెత్తి రావడం కనిపిస్తుంది. ఇటు వంగిన ఆకు లేచేలోపు అటు ఆకు వంగుతుంది. జపాన్ రైతులు దీనికి ‘హొనామి’ అని పేరే పెట్టుకున్నారు. వెన్నుల అల అని అర్థం. 1955లో ఎయిచి ఇనోవే అనే శాస్త్రవేత్త ఈ అలల మీద పరిశోధన పత్రమే రాశారు. నిజానికి ఆ అల చేనుది కాదు, గాలిది. పైనుంచి ఒక సుడి దిగొచ్చి, పైరు నెత్తి నిమిరి, మళ్లీ పైకి పోయిన జాడ అది.

పోతూ పోతూ ఆ సుడి వట్టి చేతులతో పోదు. ఆకులు వదిలిన నీటి ఆవిరిని, ఎండకు కాగిన వేడిని మోసుకెళుతుంది. వచ్చేటప్పుడు తెచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత ఆకులకు ఇచ్చేసి పోతుంది. పైరుకూ ఆకాశానికీ మధ్య సరుకు రవాణా అంతా ఈ సుడుల మీదే జరుగుతుంది. చేను మధ్యలో స్తంభం నాటి, వచ్చీపోయే ప్రతి సుడినీ ఆపి సోదా చేసినట్టు లెక్కరాసే యంత్రం ఒకటుంది. దాని పద్ధతిని ఎడ్డీ కోవేరియన్స్ అంటారు, అది నిలబడే స్తంభాన్ని ఫ్లక్స్ టవర్ అంటారు. ఒక్క ఆకు తుంచకుండా, పిడికెడు మట్టి తవ్వకుండా, ఎకరాలకు ఎకరాల పచ్చదనం ఎంత తిన్నదో ఎంత తాగిందో చెప్పగలదు. అయితే అబద్ధాలు కూడా ఆడుతుంది. ఆ అబద్ధాలను ఒక్కొక్కటిగా పట్టుకుంటూ వచ్చిన కథే దీని జీవితకథ.

లెక్క కష్టమైందేమీ కాదు. రైస్ మిల్లు గేటు దగ్గర కూర్చున్న గుమాస్తాను ఊహించుకోండి. రోజంతా లోపలికి వెళ్లిన లారీలూ బయటికి వచ్చిన లారీలూ సమానం. లారీలు లెక్కపెడితే తేలేది సున్నా. కానీ లోపలికి వెళ్లేవి ధాన్యం నింపుకుని వెళ్లాయి, బయటికి వచ్చేవి ఖాళీగా వచ్చాయి. చదునైన చేను మీద గాలీ అంతే. పైకి పోయిందీ కిందికి దిగిందీ అరగంటలో దాదాపు సరిపోతాయి. తేడా అంతా సరుకులో ఉంటుంది. సెకనుకు పదిసార్లు రెండు సంగతులు రాసుకోవాలి: గాలి నిట్టనిలువునా ఎంత వేగంతో లేస్తోంది లేదా దిగుతోంది, ఆ క్షణాన అందులో కార్బన్ డయాక్సైడ్ సగటు కన్నా ఎంత ఎక్కువ లేదా తక్కువ. రెండింటినీ గుణించాలి. అరగంటకు 18,000 గుణకారాలు. వాటి సగటే జవాబు. లేచే గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువగా, దిగే గాలిలో ఎక్కువగా ఉంటే చేను తింటోందని అర్థం. రాత్రి గుర్తు తిరగబడుతుంది. అప్పుడు చేను ఊపిరి వదులుతోంది. కార్బన్ డయాక్సైడ్ బదులు ఉష్ణోగ్రత పెడితే వేడి లెక్క వస్తుంది, తేమ పెడితే నీటి లెక్క వస్తుంది.

ఈ గణితానికి పునాది 1895లోనే పడింది. ఇంగ్లండులో ఆస్బర్న్ రేనాల్డ్స్ గొట్టాల్లో పారే నీటి అల్లకల్లోలాన్ని అర్థం చేసుకోవడానికి, ఏ ప్రవాహాన్నైనా సగటు, ఆ సగటు చుట్టూ ఊగిసలాట అని రెండుగా విడదీశారు. కాగితం మీద అంతా సిద్ధం. లేనిదల్లా పరికరం. అప్పటి గాలివేగం మీటర్లంటే గిరగిర తిరిగే గిన్నెలు. అడ్డంగా వీచే గాలిని అవి బాగానే కొలుస్తాయి, కానీ నిలువుగా లేచే సుడి సంగతి వాటికి తెలియదు. ఒక సుడికి అవి తిరగడం మొదలుపెట్టేసరికి ఇంకో సుడి వచ్చి ఉంటుంది. సూత్రం ముందు పుట్టి పరికరం కోసం అరవై, డెబ్భై ఏళ్లు కాచుకు కూర్చున్న సందర్భాలు విజ్ఞానశాస్త్రంలో అరుదేమీ కాదు. ఇదీ వాటిలో ఒకటి.

మొదటి గట్టి ప్రయత్నం ఆస్ట్రేలియాలో జరిగింది. నీటిబొట్టు విలువ తెలిసిన దేశం కదా, నేల నుంచి ఎంత నీరు ఆవిరైపోతోందో తెలుసుకోవాలని అక్కడి ప్రభుత్వ పరిశోధనా సంస్థకు పట్టుదల. ఆ సంస్థలో పనిచేసే స్విన్‌బ్యాంక్, వెంట్రుకలాంటి వేడి తీగలతో గాలి ఊపును, సన్నని థర్మోకపుల్స్‌తో ఉష్ణోగ్రత ఊపును పట్టుకుని, వేడినీ నీటి ఆవిరినీ సుడుల ద్వారా కొలిచే విధానాన్ని 1951లో ప్రచురించారు. గుణకారాలు చేసిపెట్టే కంప్యూటర్లు అందుబాటులో లేని కాలమది. అందుకే ఆ తర్వాత అక్కడే డయర్, ఆయన సహచరులు గుణకారాన్ని కూడా పరికరంలోని విద్యుత్ వలయాలకే అప్పగించి ‘ఇవాపోట్రాన్’ తయారుచేశారు. 1967లో ప్రొపెల్లర్‌తో నడిచే తేలికపాటి ‘ఫ్లక్సాట్రాన్’ వచ్చింది. పేర్లు వింటే బాలల మాసపత్రికలో రాక్షసులు గుర్తొస్తారు గానీ, రెండూ నిజంగా పొలాల్లో నిలబడి పనిచేసిన యంత్రాలే.

అసలు మలుపు శబ్దంతో వచ్చింది. గాలి వీచే దిక్కున కేక వేస్తే త్వరగా చేరుతుంది, ఎదురుగాలిలో కాస్త ఆలస్యమవుతుంది. సోనిక్ ఎనిమోమీటర్ ఈ ఒక్క సంగతి మీదే బతుకుతుంది. పది సెంటీమీటర్ల ఎడంలో రెండు చిన్న బుడిపెలు ఒకదానికొకటి మనకు వినబడని కేకలు వేసుకుంటూ ఉంటాయి. గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో వీస్తుంటే, పోయే కేకకూ వచ్చే కేకకూ తేడా సెకనులో పది లక్షల వంతు రెండు భాగాల కన్నా తక్కువే. ఆ కాస్త తేడాలోంచి గాలి వేగం తేలుతుంది. రెండు ప్రయాణాల సమయాన్నీ కలిపి చూస్తే శబ్దవేగం, దాన్నుంచి గాలి ఉష్ణోగ్రత కూడా తేలతాయి. అంటే ఒకే పరికరం, రెండు కొలతలు, కదిలే భాగం ఒక్కటీ లేదు. బుడిపె మీద వాన చినుకు నిలిచినా, సాలెపురుగు గూడు కట్టినా మాత్రం ఆ పూటకు లెక్క పోయినట్టే.

ఈ పరికరాన్ని తీర్చిదిద్దిన వాళ్లలో భారతీయ మూలాలున్న జె.సి. కైమల్ ఒకరు. తోటి శాస్త్రవేత్త బుసింగర్‌తో కలిసి ఆయన రూపొందించిన సోనిక్ వివరాలు 1963లో అచ్చయ్యాయి. 1968లో అమెరికాలోని కాన్సాస్‌లో, గోధుమ కోసేసిన పొలంలో, 32 మీటర్ల స్తంభానికి మూడు ఎత్తుల్లో సోనిక్‌లు బిగించి కైమల్ బృందం కొలతలు తీసింది. పరికరానికి సాఫీగా ఉండాలని వెతికి వెతికి ఎంచుకున్న బల్లపరుపు నేల అది. వాతావరణంలో నేలకు దగ్గరగా ఉండే పొర ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే సూత్రాలను ఇప్పటికీ ఆ పొలం కొలతలతోనే సరిపోల్చుకుంటారు.

వేడి లెక్క అలా కుదుటపడింది. కార్బన్ డయాక్సైడ్ ఇంకా సతాయిస్తూనే ఉంది. ఆ వాయువు పరారుణ కిరణాల్లో 4.26 మైక్రోమీటర్ల దగ్గరి వాటిని మింగేస్తుంది. కాంతి ఎంత తగ్గిందో చూస్తే వాయువు ఎంత ఉందో తెలుస్తుంది. చిక్కల్లా వేగంలోనే. 1970ల మొదట్లో డెజార్డిన్స్, లెమన్ అనే పరిశోధకులు మొక్కజొన్న చేను మీద మొదటిసారి సుడుల పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచారు. వాళ్ల వాయు పరికరం తేరుకోవడానికి అర సెకను పట్టేది. అంతలో చిన్న సుడులు జారిపోతాయి. ఆ లెక్కలో తప్పు 40 శాతం దాకా ఉండొచ్చని తర్వాత తేలింది. కొన్నాళ్లకు గొట్టంలోకి గాలి పీల్చే అవసరం లేకుండా, ఆరుబయటే కాంతిని పంపి కొలిచే వేగమైన పరికరాలు వచ్చాయి. జపాన్‌లోని ఒకాయామాలో ఒహ్‌తాకి అలాంటి దాన్ని తయారుచేసి పైర్ల మీద వాడారు.

ఈ యంత్రం జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1980ది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఘనమీటరు వేడిగాలిలో అన్నీ తక్కువే: నైట్రోజన్, ఆక్సిజన్, వాటితోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా. మధ్యాహ్నం లేచే సుడులు వేడివి, దిగేవి చల్లనివి. కాబట్టి లేచే గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉందని పరికరం నమ్మకంగా రాసుకుంటుంది. దీన్ని మే నెలలో తారురోడ్డు మీద పెట్టి చూస్తే, ఆ తారు శుభ్రంగా కిరణజన్య సంయోగక్రియ జరుపుతోందని చెబుతుంది! ఈ దొంగ పద్దు చిన్నదేమీ కాదు. ఎర్రటి ఎండలో అది పచ్చని పైరు నిజంగా తీసుకునే మొత్తంతో పోటీ పడేంత ఉంటుంది. ఆస్ట్రేలియాకే చెందిన వెబ్, పియర్‌మన్, ల్యూనింగ్ ఈ మోసాన్ని సరిదిద్దే సూత్రం రాశారు. ఇప్పుడు ఆరుబయటి పరికరం పెట్టిన ఏ టవర్ లెక్కా ఆ ముగ్గురి దిద్దుబాటు దాటకుండా బయటికి రాదు. అంతకుముందు ఎంతమంది ఎంత తారురోడ్డును పంటగా లెక్కేశారో!

అప్పటిదాకా యంత్రం ఎక్కడ పెట్టినా కొన్ని రోజులో కొన్ని వారాలో ఉండేది. ఏళ్ల తరబడి ఆపకుండా నడపొచ్చని చూపింది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలోని హార్వర్డ్ అడవి. ఒకప్పుడు సాగు చేసి వదిలేసిన భూముల్లో తిరిగి పెరిగిన చెట్లవి. 1938 తుపాను వాటిని మళ్లీ పడగొట్టింది. అక్కడ స్టీవెన్ వాఫ్సీ బృందం టవర్ నిలబెట్టి, ఆ అడవి ఏడాదిలో హెక్టారుకు సుమారు 3.7 టన్నుల కార్బన్ దాచుకుంటోందని 1993లో ప్రకటించింది. అడవులకు పుచ్చుకున్నదీ ఇచ్చిందీ సరిపోతుందనుకునే వాళ్లకు అది ఆలోచించాల్సిన సంఖ్య.

అక్కడే ఇంకో అబద్ధమూ బయటపడింది. నిశ్చలమైన రాత్రుల్లో సుడులుండవు. చెట్లూ మట్టీ వదిలిన కార్బన్ డయాక్సైడ్ టవర్ దాకా ఎక్కదు. కొమ్మల కిందే పేరుకుంటుంది, నేల ఏటవాలుగా ఉంటే పల్లంలోకి జారిపోతుంది. పైన కూర్చున్న గుమాస్తాకు ఖర్చు కనిపించదు, జమ మాత్రం పగలంతా కనిపిస్తుంది. దాంతో అడవి ఉన్నదానికన్నా పొదుపరిలా తేలుతుంది. అందుకే గాలి కదలిక ఒక మోతాదుకు తగ్గిన రాత్రుల కొలతలను కొట్టేసి, గాలి ఆడిన రాత్రుల ఆధారంగా అంచనా కట్టి ఆ ఖాళీలు పూరిస్తారు. ఒక ఏడాది లెక్కలో ఇలా పూరించిన భాగం తక్కువేమీ ఉండదు. ఈ సంగతి పత్రికల్లో వచ్చే అంకెల పక్కన అరుదుగా కనబడుతుంది.

1990ల చివరికి ఐరోపా, అమెరికా టవర్లు జట్టుకట్టి ‘ఫ్లక్స్‌నెట్’ అయ్యాయి. 2015 పేరుతో విడుదలైన వాళ్ల సమాచార సంపుటిలో 212 చోట్ల లెక్కలున్నాయి. 2003 ఎండాకాలంలో వడగాడ్పులు ఐరోపాను మాడ్చినప్పుడు టవర్లు చెప్పింది అందరినీ కలవరపెట్టింది. ఖండం మొత్తం మీద మొక్కలు తయారుచేసుకునే ఆహారం 30 శాతం పడిపోయింది. నాలుగేళ్లుగా అక్కడి పచ్చదనం దాచిన కార్బన్ ఒక్క ఏడాదిలో తిరిగి గాలిలో కలిసింది.

మన దేశంలో సోనిక్‌లు మొదట రుతుపవనాల కోసం వచ్చాయి. 1990లో మాంట్‌బ్లెక్స్ ప్రయోగంలో జోధ్‌పూర్ నుంచి ఖరగ్‌పూర్ దాకా నాలుగు చోట్ల 30 మీటర్ల స్తంభాలు నిలబెట్టారు. అడవుల ఊపిరి లెక్క తర్వాతిది. ఉపగ్రహ చిత్రాల మీద పనిచేసే హైదరాబాద్ నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్లు, పైనుంచి చూసింది నేల మీద ఎంత నిజమో తేల్చుకోవడానికి సుందర్‌బన్స్ మడ అడవిలో టవర్ పెట్టి కార్బన్ డయాక్సైడ్‌నూ మీథేన్‌నూ కొలిచారు. మడ అడవిలో గుమాస్తాకు కొత్త తలనొప్పి. బురదలో పుట్టిన కార్బన్‌లో కొంత గాలిలోకి రాకుండా పాటు నీళ్లతో కలిసి సముద్రంలోకి పోతుంది. గేటు దాటని సరుకు, చిట్టాకెక్కదు.

మొత్తం శక్తి పద్దు మాత్రం ఇప్పటికీ మొండికేస్తోంది. చేను మీద పడి, వెనక్కి పోగా మిగిలిన శక్తిలో నేలలోకి ఇంకిందీ, గాలిని వేడిచేసిందీ, నీటిని ఆవిరి చేసిందీ కలిపితే మొత్తం తేలాలి. దీన్ని ఎవరూ కాదనలేరు. 2002లో 22 చోట్ల లెక్కలు కలిపి చూస్తే సుమారు 20 శాతం ఎటు పోయిందో తెలియలేదు. పరికరాలు మారాయి, దిద్దుబాట్లు పెరిగాయి, లోటు మాత్రం చాలాచోట్ల అలాగే ఉంది. స్తంభాన్ని దాటడానికి అరగంట కన్నా ఎక్కువ పట్టే పెద్ద, మందకొడి సుడులే ఆ వేడిని మోసుకుపోతున్నాయేమోనని చాలామంది అనుమానం. వాటిని పట్టుకోవాలంటే అరగంట సగటును మూడు, నాలుగు గంటలకు పెంచాలి. పెంచేసరికి సూర్యుడు పడమటికి వాలతాడు, చేను నీడలు సాగుతాయి. కొలత మొదలైనప్పటి మధ్యాహ్నం ఇక అక్కడ ఉండదు.