పట్టేసిన పిస్టన్ చెప్పే సాక్ష్యం

"సార్, మా మందు మిషన్లో ఇంజనాయిలు పోసేదానికి యాడా మూత లేదే. లోపల ఎండిపోయి పట్టుకోదా?" అని పులివెందుల దగ్గర చీనీతోట ఉన్న పిల్లవాడొకడు తరగతిలో అడిగాడు. ఉష్ణ యంత్రాల పాఠంలో నేను విన్న మంచి ప్రశ్నల్లో ఇదొకటి. వీపుకు తగిలించుకుని అరటికీ చీనీకీ మందు కొట్టే పవర్ స్ప్రేయర్, ఒకప్పుడు ప్రొద్దుటూరు వీధుల్లో బట్టల మూటలు మోసిన టీవీఎస్ ఫిఫ్టీ, జమ్మలమడుగు రోడ్డు మీద కూత పెట్టిన ఆర్ఎక్స్ హండ్రెడ్, సముద్రం మీద ఎగిరిన పాత జెట్ స్కీ, నాలుగింటి లోపలా ఉన్నది టూ స్ట్రోక్ ఇంజనే. ఆయిల్ గది లేకపోవడం దాని జాతి లక్షణం. పట్టుకుపోవడం కూడా ఆ లక్షణం నుంచే పుట్టింది.

స్కాట్లండ్ ఇంజనీరు డ్యూగల్డ్ క్లర్క్ 1881లో పేటెంటు తీసుకున్న టూ స్ట్రోక్‌లో రెండు సిలిండర్లుండేవి. ఒకదాంట్లో మంట, రెండోది కేవలం పంపు. తాజా గ్యాసును మంట సిలిండర్లోకి నెట్టడానికే ఆ పంపు. ఇంగ్లండులోని బాత్ ఊళ్లో పనిచేసిన జోసెఫ్ డేకు ఆ రెండో సిలిండర్ దండగ అనిపించింది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు దాని అడుగున, క్రాంకు తిరిగే గదిలో ఉన్న గాలి ఎలాగూ నలుగుతుంది కదా, ఆ గదినే పంపు చేస్తే? 1889 నాటి ఈ ఆలోచన నాకు యంత్రాల చరిత్రలోనే అత్యంత ఇష్టమైనది. పిస్టన్ పైముఖం మంటను భరిస్తుంది, కింది ముఖం తర్వాతి గుక్కను సిద్ధం చేస్తుంది. డే ఇంజన్లో గ్యాసు లోపలికి రావడానికి ఇంకా ఒక రేకు వాల్వు మిగిలింది. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రెడరిక్ కాక్ దాన్ని కూడా తీసేశాడు. సిలిండర్ గోడకు మూడో రంధ్రం పెట్టి, పిస్టన్ అంచే దాన్ని మూసి తెరిచేలా అమర్చాడు. 1892లో దానికి పేటెంటు వచ్చింది.

ఇప్పుడు లోపల జరిగేది ఊహించండి. పిస్టన్ పైకి పోతుంటే పైన గ్యాసు నలుగుతుంది, కింద ఖాళీ ఏర్పడి కార్బరేటర్ నుంచి పెట్రోలు, గాలి క్రాంక్ కేసులోకి దూకుతాయి. ప్లగ్గు నిప్పు రాల్చగానే పిస్టన్ కిందికి వస్తుంది. వస్తూ వస్తూ ముందు సైలెన్సర్ వైపు రంధ్రం తెరుస్తుంది, కాలిన పొగ బయటికి పోతుంది. మరికాస్త దిగితే పక్క రంధ్రాలు తెరుచుకుని, కింద నలిగి ఉన్న తాజా గ్యాసు పైకి ఎగదన్నుతుంది. క్రాంకు ఒక్క చుట్టులో అన్నీ అయిపోయాయి. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజన్లో సెకనుకు 100 సార్లు మంట లేస్తుంది. అదే వేగంలో ఫోర్ స్ట్రోక్‌కు 50 సార్లే.

క్రాంక్ కేసు గ్యాసుకు దారి అయినప్పుడు అందులో ఆయిల్ నిలవ ఉంచడం కుదరదు. అందుకే ఆయిల్ పెట్రోలుతోనే కలిసి రావాలి. మిషన్‌ను బట్టి లీటరుకు 20 నుంచి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్. ఆ పొగమంచులాంటి తుంపరే బేరింగులకూ పిస్టన్‌కూ దిక్కు. మా పిల్లవాడికి నేను చెప్పిన జవాబు ఇదే: మూత ఉంది నాయనా, అది పెట్రోలు ట్యాంకు మూతే. ఆర్ఎక్స్ హండ్రెడ్ వంటి బళ్లలో ఆయిల్‌కు వేరే ట్యాంకు, చిన్న పంపు ఉన్నా అది చేరేదీ ఇదే గ్యాసులోకి.

ఇక పట్టుకుపోవడం. పిస్టన్ అల్యూమినియం, అది తిరుగాడే గోడ చాలా బళ్లలో పోత ఇనుము. 50 మిల్లీమీటర్ల పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.1 మిల్లీమీటరు లావెక్కుతుంది. అంతే వేడికి ఇనుము 0.055 దాకానే సాగుతుంది. కొత్త బోరులో ఈ రెంటికీ మధ్య వదిలే సందు దాదాపు 0.05. రెండూ కలిసి వేడెక్కితే సందు అంతంతమాత్రంగా సరిపోతుంది. కిక్కు కొట్టిన వెంటనే ఫుల్ రేస్ ఇస్తే పిస్టన్ 100 ఎక్కే సమయానికి గోడ 50 దగ్గరే ఉంటుంది, తేడా 0.07 దాటుతుంది. మన పల్లెల్లో బండి చక్రానికి ఇనప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు చల్లితే అది ముడుచుకుని కొయ్యను బిగించేస్తుంది. ఇక్కడ లోపలిది ఉబ్బి అదే బిగింపు తెస్తుంది. నూనె పొర తెగి, మెత్తని అల్యూమినియం గోడకు అంటుకుంటుంది. బైకు రేసర్లు ఎడమ చేతి వేళ్లు క్లచ్ లీవరు మీదే ఉంచేది ఇందుకే. ఇంజన్ పట్టేస్తే వెనక చక్రమూ ఆగిపోతుంది, రెప్పపాటులో క్లచ్ నొక్కకపోతే పడటమే.

పట్టేసిన ఇంజన్ దగ్గర మొదట చేయకూడని పని, కిక్కర్ మీద నిలబడి తన్నడం. చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో పల్చటి ఆయిల్ పోసి నాననివ్వాలి. సైలెన్సర్ ఊడదీస్తే రంధ్రం గుండా పిస్టన్ పక్క, రింగులు కంటికే కనిపిస్తాయి. చాలాసార్లు రోగం అక్కడే తెలిసిపోతుంది. తర్వాత హెడ్డు, సిలిండర్ విప్పి పిస్టన్‌ను చేతిలోకి తీసుకోవాలి. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన ఘడియ ఇది. చుట్టూ నాలుగు చోట్ల నిలువు గీతలుంటే, వేడెక్కకముందే రేస్ ఇచ్చారని అర్థం. సైలెన్సర్ వైపే గీసుకుపోయి, పైముఖం అంచు కరిగి, ప్లగ్గు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైంది. కార్బరేటర్ జెట్టులో చెత్త ఉండొచ్చు, క్రాంకు ఆయిల్ సీలు అరిగి గాలి పీల్చుతూ ఉండొచ్చు. చుట్టూ ఒకేలా రాపిడి, పిస్టన్ పిన్ను దగ్గరి చిన్న బేరింగు నీలంగా కమిలి ఉంటే ఆయిల్ అందలేదు. ఒకే ఒక లోతైన గీత ఉంటే రింగు ముక్క విరిగి దారి తీసిందన్నమాట. కొత్త పిస్టన్ వేసి ఈ రాత చదవకుండా వదిలేస్తే, అదే కారణం రెండో పిస్టన్‌నూ తింటుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. భయంతో ఆయిల్ రెట్టింపు పోసేవాళ్లున్నారు. జెట్టు గుండా వెళ్లే ద్రవం దాదాపు అంతే కాబట్టి, ఆయిల్ పెరిగినంత మేర పెట్రోలు తగ్గుతుంది, మంట వేడెక్కుతుంది. కంపెనీ చెప్పిన కొలతే కొలత.

జెట్ స్కీని మనవాళ్లు విశాఖ రుషికొండ తీరంలో చూసి ఉంటారు. దాని పాత ఇంజన్లలో ఇదే రోగానికి కారణాలు మరో రకం. బండిని ముందుకు నెట్టే జెట్టు పంపే కొంత నీటిని ఇంజన్ చుట్టూ తిప్పి చల్లబరుస్తుంది. ఇసుకో నాచో ఆ సన్నని గొట్టంలో అడ్డుపడితే నిమిషాల్లో పట్టేస్తుంది. ఒడ్డు మీద గొట్టంతో నీళ్లు పట్టి కడిగేటప్పుడు ముందు ఇంజన్ నడవాలి, తర్వాతే నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజన్. తారుమారైతే నీళ్లు సైలెన్సర్ దారిన సిలిండర్లోకి చేరతాయి. నీరు నలగదు కనుక ప్లగ్గులు తీయకుండా స్టార్టరు నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లు దిగి నాలుగు రోజులు నిలిస్తే, ఆయిల్ నిలవలేని క్రాంక్ కేసులో బేరింగులు తుప్పు పట్టి అదో రకం పట్టివేత. రెండు సిలిండర్లలో ఒకటే పోతే మనకు మేలు. గ్యాసు గది ఒక్కోదానికి వేరు కాబట్టి, తప్పు ఆ వైపు కార్బరేటర్‌దో సీలుదో అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాతి చరిత్ర వేగంగా చెప్పేస్తాను. 1920ల్లో జర్మనీలో ఇంజనీరు ష్నూర్లే, తాజా గ్యాసును వెనక గోడ వైపు తిప్పి సుడి చుట్టేలా రంధ్రాలు వంచి, అంతదాకా గ్యాసును మళ్లించడానికి పిస్టన్ మీద ఉంచిన మూపురాన్ని తీసేయించాడు. డీకేడబ్ల్యూ కంపెనీ దాన్ని వీధుల్లోకి తెచ్చింది, యమహా మొదటి బైకు ఆ కంపెనీ ఆర్టీ 125కు నకలే. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్, సైలెన్సర్‌లోని ధ్వని తరంగాన్నే రంధ్రం మూసే తలుపుగా వాడుకుని 1961 నాటికి 125 సీసీల్లో 25 అశ్వశక్తులు పిండాడు. అదే ఏడు ఆయన రేసర్ ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పశ్చిమానికి పారిపోయి ఆ విద్యను సుజుకి చేతికిచ్చాడు. 1985లో ఆర్ఎక్స్ హండ్రెడ్ మన దేశానికి వచ్చింది. తర్వాత పొగ నిబంధనలు బిగిసి టూ స్ట్రోక్ బళ్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. జెట్ స్కీల్లో కూడా ఫోర్ స్ట్రోక్ వచ్చేసింది.

మరమ్మతు చేసే చోట మాత్రం పద్ధతి మారలేదు. గోడకు అంటిన అల్యూమినియాన్ని మురియాటిక్ యాసిడ్ చుక్కలతో జాగ్రత్తగా కరిగిస్తారు, ఇనుము గీసుకుపోతే లేత్ షాపులో బోరు కొట్టించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్ సైజు పిస్టన్ వేస్తారు. బోరు కొట్టాక రంధ్రాల అంచులు కత్తిలా పదునెక్కుతాయి, వాటిని సన్నగా మొండి చేయాలి, లేకుంటే రింగు వాటిలో తగులుకుని విరుగుతుంది. రింగు చివరలు రంధ్రం వైపు తిరగకుండా గాడిలో ఒక సూది పిన్ను ఉంటుంది, రింగు దాని మీద సరిగ్గా కూర్చోవాలి. పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు చూడాలి. క్రాంక్ కేసు దారులన్నీ మూసి కొద్దిపాటి గాలి నింపి సబ్బునీళ్లు రాస్తే, అరిగిన సీలు బుడగలు కట్టి దొరికిపోతుంది. ఆ తర్వాత మొదటి రెండు ట్యాంకుల పెట్రోలు అయ్యేదాకా పూర్తి రేస్ ఇవ్వకుండా, వేడెక్కనిచ్చి, చల్లారనిచ్చి నడపాలి.