ఆటో స్టార్టర్ లాంటిదే ఈ ఆటోమేషన్: రాత్రి ఆర్డర్లు, పొద్దున కోత

పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, పొలం పని చూసుకుంటూ యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ అన్నీ ఎట్ల నడుపుతున్నవ్? మనిషిని పెట్టుకున్నవా?" అని. మనిషిని పెట్టుకోలేదు. ఒకదాని కబురు ఇంకోదానికి దానంతట అదే పోయేటట్టు కలుపుకున్నాను. కోడింగ్ నాకు రాదు, అగ్రికల్చర్ డిప్లొమాలో అది నేర్పలేదు కూడా. ఎట్లా కలిపానో పై వీడియోలో స్క్రీన్ మీద చూపించాను. అది నన్ను ఎట్లా ముంచబోయిందో మాత్రం వీడియోలో చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నా.

మాది చేవెళ్ల దగ్గర. ఆకుకూరలు, కొన్ని కూరగాయలు, గానుగ పట్టించిన పల్లి నూనె. కొనేవాళ్లు కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో ఉంటారు. ఎక్కువమంది హైటెక్ సిటీ ఉద్యోగులే. అమెరికావాళ్లతో కాల్స్ ముగిసి వాళ్లకు తీరిక దొరికేది రాత్రి పదింటికో పదకొండుకో. కూరగాయలు గుర్తొచ్చేదీ అప్పుడే. నేనేమో తొమ్మిదికి పడుకుని నాలుగింటికి కోతకు లేవాలి. లేచి చూస్తే ఒక ఆర్డర్ ఇన్‌స్టాలో, ఇంకోటి ఫేస్‌బుక్ పేజీ ఇన్‌బాక్స్‌లో, మరోటి వాట్సాప్‌లో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్. కొన్ని కంటపడేవి కావు, కొన్ని రెండుసార్లు పోయేవి. మిగిలిన గోంగూర కట్టలు సాయంత్రానికి ఆవులకే.

గచ్చిబౌలిలో మా కస్టమర్ అక్క ఒకామె ఉంది, సాఫ్ట్‌వేర్‌లో పని. ఒక ఆదివారం పొలం చూడటానికి వచ్చి, నా ఫోన్ చూసి నవ్వింది. "తమ్ముడూ, దీనికి కోడ్ ఎందుకు? ఇది జరిగితే అది చెయ్ అని చెప్పుకుంటే చాలు" అంది. జాపియర్, మేక్, మన చెన్నై కంపెనీ జోహో వాళ్ల ఫ్లో, ఇట్లాంటివి చాలా ఉన్నాయని చెప్పింది. అన్నిట్లో సూత్రం ఒకటే: ఒక ట్రిగర్, దాని వెనక ఒక యాక్షన్.

మనకు ఇది కొత్తేం కాదు. బోరు మోటారుకు పెట్టే ఆటో స్టార్టర్ చేసేది అదే కదా! కరెంటు రావడం ట్రిగర్, మోటారు తిరగడం యాక్షన్. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో చీకట్లో బోరు కాడికి పోయి పాముకో షాకుకో బలైనవాళ్లు మన ఊళ్లల్ల ఉన్నారు. అందుకే అందరం పెట్టుకున్నం. తర్వాత 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, ఆ స్టార్టర్లే తీసెయ్యండని ప్రభుత్వం ఊరూరా చెప్పించింది. కరెంటు పోనప్పుడు మోటారు ఆగదు, భూమిలో నీళ్లు అడుగంటుతాయి. స్టార్టర్ అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. చుట్టూ పరిస్థితి మారింది, ఆ సంగతి దానికి తెలియదు. ఈ మాట అప్పుడే నాకు తట్టి ఉంటే బాగుండేది.

అక్క దగ్గర కూర్చుని మూడు లైన్లు కట్టించింది. యూట్యూబ్‌లో వీడియో పెట్టగానే దాని లింకు ఫేస్‌బుక్ పేజీకి, టెలిగ్రామ్ చానల్‌కి పోవాలి. ప్రతి శుక్రవారం సాయంత్రం 7 గంటలకు గూగుల్ షీట్‌లో ఉన్న కూరల జాబితా "రేపటి కూరలు" అని ఒక ఫొటోతో పేజీలో, ఇన్‌స్టాలో పడాలి, కింద ఆర్డర్ ఫారం లింకు. ఎవరైనా ఫారం నింపితే షీట్‌లో వరుస చేరి, వాళ్లకు "మీ ఆర్డర్ ఖాయమైంది" అని మెయిల్ పోవాలి. ఫారం నుంచి షీట్‌కు గూగుల్‌లోనే కలుస్తుంది, దానికి వేరే టూల్ అక్కర్లేదు. రెండు నెలలు హాయిగా నడిచింది. నేను నిద్రపోతుంటే ఆర్డర్లు వచ్చి వరుసలో కూర్చునేవి.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం. సాయంత్రం ఐదున్నరకు రాళ్లవాన. ఇరవై నిమిషాల్లో పాలకూర, చుక్కకూర మడులు రోట్లో వేసి దంచినట్టు అయ్యాయి. కరెంటు లేదు, నెట్ లేదు. పశువుల కొట్టం రేకులు లేచిపోతే వాటి వెంట పడ్డాం. ఫోన్ ఎవరికి గుర్తుంటుంది? కానీ ఆ లైను నడిచేది నా ఫోన్‌లో కాదు, ఎక్కడో సర్వర్‌లో. సరిగ్గా ఏడింటికి "రేపటి కూరలు" పోస్టు పడిపోయింది, గురువారం నాటి జాబితాతో. రాత్రి రెండింటికి నెట్ వచ్చి చూస్తే 43 ఆర్డర్లు. 43 మందికీ "ఖాయమైంది" అని మెయిల్ పోయింది.

నాయిన ఒకటే అన్నాడు. "మొగులు పట్టింది నీ మిషన్‌కు తెల్వదా రా?"

బావమరిది వ్యాన్ తీశాడు. "గుడిమల్కాపూర్ పోయి నాలుగు మూటలు తెద్దాం బావా. కట్ట విప్పి మన అరటి నారతో కడితే ఎవరికి తెలుస్తది?" దాచకుండా చెప్తున్నా, పోయాను. మార్కెట్ గేటు బయట పది నిమిషాలు నిలబడ్డాను. లోపల లైట్ల కింద పాలకూర మెరుస్తోంది. ఆ పంటకు ఏం కొట్టారో నాకు తెలియదు. నా కట్ట మీద ఉన్న పేరు జీవామృతంతో పెంచిన కూర అని. ఖాళీ వ్యాన్‌తో వెనక్కి వచ్చాం. తెల్లారగానే పడిపోయిన మడులు వీడియో తీసి పెట్టి, ఆరున్నర నుంచి ఒక్కొక్కరికి నేనే ఫోన్ చేశాను. ఎక్కువమంది "అయ్యో" అన్నారు. ఒకాయన "పంట పోతే ఖాయమైందని మెయిల్ ఎందుకు పెట్టినవ్?" అని గట్టిగానే తిట్టాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆరుగురు మళ్లీ ఆర్డర్ పెట్టలేదు.

బోరులో నీళ్లు లేకపోతే మోటారు ఆగేటట్టు డ్రై రన్ గార్డు పెడతాం చూడండి, ఈ టూల్స్‌లో దాన్ని ఫిల్టర్ అంటారు. నేను పెట్టనిది అదే. ఇప్పుడు షీట్‌లో "కోత", "తేదీ" అని రెండు గడులు చేర్చాను. శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక నాయిన మడులు తిరిగి వచ్చి ఎన్ని కట్టలు వస్తాయో చెప్తాడు, మా ఇంటావిడ ఆ సంఖ్య, ఆ రోజు తేదీ వేస్తుంది. పోస్టు టైమ్ 8కి మార్చాను. తేదీ ఆ రోజుది కాకపోతే పోస్టు పడదు, నాకు మాత్రం "గడి నింపలేదు" అని మెయిల్ వస్తుంది. మళ్లీ నెట్ పోయినా సరే, పోస్టు ఆగిపోతుందే తప్ప పాత జాబితా పోదు. కస్టమర్‌కు పోయే మెయిల్‌లో మాట కూడా మార్చాను: "మీ ఆర్డర్ అందింది. పొద్దున కోత అయ్యాక ఖాయం చేస్తాం." కోత అయ్యాక ఇంటావిడ షీట్‌లో టిక్ పెడితేనే రెండో మెయిల్ పోతుంది. మధ్యలో మనిషి చెయ్యి ఉంది కాబట్టి కొంచెం ఆలస్యం. ఉండనీ.

ఖర్చు సంగతి. జాపియర్ ఉచిత ప్లాన్‌లో నెలకు 100 టాస్కులు, రెండు అంచెలే, ఫిల్టర్ పట్టదు. గార్డు లేని స్టార్టర్ అన్నమాట. మేక్‌లో ఉచితంగానే ఫిల్టర్ పెట్టుకోవచ్చు, నేను దాంట్లోకి మారాను. అయితే ఉచిత ప్లాన్‌లో అది 15 నిమిషాలకోసారి మాత్రమే చూస్తుంది. ఆకుకూరల వ్యాపారానికి అది చాలు.

అకౌంట్లు కలిపేటప్పుడు చాలామంది ఆగిపోయే చోటు ఇది. ఫేస్‌బుక్‌లో మీ సొంత ప్రొఫైల్‌కు బయటి యాప్‌లతో పోస్టు పెట్టడం 2018 ఆగస్టులోనే ఆపేశారు, పేజీ ఉండాల్సిందే. ఇన్‌స్టాలో మామూలు అకౌంట్ పనికిరాదు, సెట్టింగ్స్‌లోకి పోయి ప్రొఫెషనల్‌గా మార్చుకోవాలి, డబ్బులేం అడగదు. ఒకరోజు లైను ఉన్నట్టుండి ఆగితే గాబరా పడకండి. పాస్‌వర్డ్ మార్చినప్పుడు కనెక్షన్ తెగుతుంది, మళ్లీ అనుమతి ఇస్తే సరిపోతుంది. ఆ అనుమతి పేజీ ఫేస్‌బుక్‌దో గూగుల్‌దో అయి ఉండాలి. పాస్‌వర్డ్, ఓటీపీ నాకు పంపండి, నేను సెట్ చేస్తా అనేవాణ్ని నమ్మకండి.

వాట్సాప్ దగ్గర మరీ జాగ్రత్త. బిజినెస్ యాప్‌లోనే కేటలాగ్, అవే మెసేజ్, క్విక్ రిప్లై ఉన్నాయి, చిన్న రైతుకు అవి చాలు. అంతకు మించి ఆటోమేటిక్‌గా కావాలంటే వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్ తీసుకోవాలి. అందులో కస్టమర్ మెసేజ్ పెట్టిన 24 గంటల వరకే మనం స్వేచ్ఛగా రాయొచ్చు, తర్వాత ముందే ఆమోదించిన టెంప్లేట్లే పంపాలి. "వెయ్యిమందికి ఒకేసారి పంపే సాఫ్ట్‌వేర్" అని చవగ్గా అమ్మేవి దొడ్డిదారివి. నంబర్ బ్యాన్ అయితే? నూనె సీసాల లేబుళ్ల మీదంతా ఆ నంబరే కదా ఉంది.

కామెంట్లకు ఆటో జవాబు కూడా పెట్టాను. "కొలతలు" అని రాస్తే జీవామృతం వీడియో లింకు పోతుంది, బాగానే ఉంది. "నూనె" అనే మాటకు పల్లి నూనె ధరలు పోయేటట్టు పెట్టాను. ఒక రైతన్న "వరికి వేప నూనె ఎకరానికి ఎంత కొట్టాలి?" అని అడిగితే ఆయనకు లీటర్ ధర, డెలివరీ చార్జీ పోయాయి! ఆయన నవ్వే బొమ్మ పెట్టి వదిలేశాడు, నాకే సిగ్గేసింది. పంట గురించి అడిగేవాటికి, ఫిర్యాదులకు ఇప్పుడు నేనే రాస్తున్నా, పాలు పితికాక రాత్రి అరగంట కూర్చుని.

నా షీట్ నమూనా లింకు వీడియో కింద ఇచ్చాను. కాపీ చేసుకున్నాక "తేదీ" గడిలో ఫార్ములా పెట్టి ఆ రోజు తేదీ దానంతట అదే వచ్చేటట్టు చెయ్యకండి. ఇద్దరు అట్లా చేసి నాకు ఫోన్ చేశారు. ఆ గడి చేత్తోనే నింపాలి, మడి చూసొచ్చిన తర్వాత.