గంటలో హైదరాబాద్?

సూరత్‌కు బదిలీ అయినప్పుడు అమ్మకు ధైర్యం చెప్పాను, విమానమెక్కితే గంటలో హైదరాబాద్‌లో ఉంటానని. లెక్క వేసే చెప్పాను. రెండు విమానాశ్రయాల మధ్య దూరం నేరుగా కొలిస్తే దాదాపు 735 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో 55 నిమిషాలు చాలు. లింబాయత్ మరమగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్లు ఎక్కే రైలు పుణె, సోలాపూర్, వాడి మీదుగా చుట్టి వస్తుంది కనుక దూరం దాదాపు వెయ్యి.

టికెట్ మీద మాత్రం గంటన్నర ఉంటుంది. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు అవతల ఆగేదాకా లెక్కిస్తారు. రన్‌వే దాకా మెల్లగా వెళ్లాలి, పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు పూర్తి వేగం ఉండదు. చలికాలంలో పైన పడమటి గాలులు హైదరాబాద్ వైపు తోస్తాయి, తిరుగు ప్రయాణంలో ఎదురొస్తాయి. అందుకే రెండు వైపులా సమయం ఒకటే కాదు.

నిరుడు బాపుకు గుండెనొప్పి అని ఫోన్ వచ్చింది. విమానాశ్రయానికి ముప్పావు గంట, అక్కడ గంటన్నర నిరీక్షణ, గంటన్నర ప్రయాణం, శంషాబాద్ నుంచి హనుమకొండకు కారులో మూడు గంటల పైనే. ఆసుపత్రి వరండాలో అమ్మ ఒకటే అడిగింది.

"గంటల వస్తనంటివి గద బిడ్డా?"

బాపు కోలుకున్నాడు. ఇప్పుడెవరడిగినా ఏడు గంటలనే చెబుతున్నాను.